పని ఆగిపోయిన చోట వెతకండి: పాత అపురూప వస్తువులు దొరకబుచ్చుకునే పద్ధతి

పాత వస్తువులు పోగుచేయాలన్న ఇష్టం కొత్తగా పట్టుకున్నవాళ్లు ముందుగా పురాతన వస్తువుల దుకాణాలకు వెళ్తారు. వెళ్లండి, చూపు అలవాటవుతుంది. కొనడం మాత్రం అక్కడ మొదలుపెట్టకండి. అక్కడున్న ప్రతి వస్తువుకూ అప్పటికే పేరు పడిపోయింది, వయసు తేలిపోయింది, దానికి తగ్గ చీటీ అంటుకుంది. మీరు వెతకాల్సింది ఇంకా ఆ పేరు పడని వస్తువుని. తుక్కు, చిత్తుకాగితం, ఇంట్లో అడ్డం, పనికిరాని విడిభాగం అనిపించుకుంటూ ఏదో మూల పడి ఉన్నదాన్ని.

అవి ఎక్కడుంటాయో ఊహించడానికి నేను వాడే సూత్రం ఒక్కటే: ఏదైనా ఒక పని ఆగిపోయిన చోట చూడాలి. గడియారాలు బాగుచేసే ఆయనకు చూపు ఆనకపోతే ఆ పని ఆగుతుంది, ఆయన సొరుగుల్లో ఏళ్లనాటి విడిభాగాలు మిగులుతాయి. అక్షరాలు పేర్చి అచ్చువేసే ప్రెస్సు మూతపడితే సీసపు అక్షరాల అరలు, బొమ్మల బ్లాకులు, ఎవరో అచ్చువేయించుకుని తీసుకెళ్లని గోడపత్రికలు మిగులుతాయి. ఫిలిం కడిగే స్టూడియో, రేడియో రిపేరు, కుట్టుపని, సినిమా హాలు, స్కూల్లో సైన్సు ల్యాబు, ఏది ఆగినా అంతే. పని ఆగిన మర్నాడే సామాను బయటికి పోదు. దానికి ఏళ్లు పడుతుంది. మనం వెళ్లాల్సింది ఆ మధ్యకాలంలోనే.

ముందుగా ఒక్క రకం ఎంచుకోండి

అన్నీ కొనాలనిపిస్తుంది. ఆగండి. పెన్నులో, పోస్టుకార్డులో, గ్రామఫోన్ రికార్డులో, కెమెరాలో, బొమ్మ కార్లో, ఏదో ఒకటే పట్టుకోండి. ఒక్క రకం గురించి బాగా తెలిసినవాడికి చెత్తబుట్టలో కూడా వస్తువు కనబడుతుంది. అన్నిటి గురించీ కొంచెం కొంచెం తెలిసినవాడికి అన్నీ అపురూపంగానే కనబడతాయి, ఇల్లు నిండిపోతుంది.

కొత్తవాళ్లకు నా సలహా కాగితం. పోస్టుకార్డులు, టికెట్లు, కరపత్రాలు, లేబుళ్లు, పాత ఫొటోలు. జనం ముందుగా పారేసేది కాగితాన్నే కాబట్టి మిగిలేవి తక్కువ. చోటు పట్టదు, బరువుండదు, తప్పు జరిగినా నష్టం చిన్నది. పైగా దాని వయసు కట్టడం త్వరగా వస్తుంది. బొమ్మ ఉన్న పోస్టుకార్డు వెనకవైపు చూడండి. చిరునామాకీ ఉత్తరానికీ మధ్య నిలువు గీత ఉందా? ఆ గీతను బ్రిటన్ 1902లో, అమెరికా 1907లో అనుమతించాయి. అంతకుముందు వెనకవైపు మొత్తం చిరునామాకే, మాటలేమైనా రాయాలంటే బొమ్మవైపు మిగిలిన ఖాళీలో ఇరికించాల్సిందే. ఆ ఇరుకు రాత కనబడిందంటే మీ చేతిలో ఉన్నది బాగా పాతదే కావచ్చు.

ఏ రకం ఎంచుకున్నా, కొనడానికి ముందు ఓ వంద వస్తువులైనా చేత్తో పట్టుకుని చూడండి. మ్యూజియంలో చూడటం వేరు, వేలికి తగలడం వేరు. బరువు, అంచుల అరుగుదల, మూత తిప్పినప్పుడు మరచుట్ల పట్టు, ఇవి ఫొటోల్లో రావు. ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు చూడొద్దు, అమ్ముడైపోయిన ధరలు చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు.

మీ వస్తువు చుట్టూ ఉన్న పనులు రాసుకోండి

ఇప్పుడు ఓ కాగితం తీసుకుని, మీరు ఎంచుకున్న వస్తువును ఎవరు తయారుచేశారు, ఎవరు అమ్మారు, ఎవరు బాగుచేశారు, ఎవరు వాడారు అని రాయండి. ఆ నాలుగు వరసల్లో ఇప్పుడు ఆగిపోయిన పనులేవో అవే మీరు వెళ్లాల్సిన చోట్లు.

పెన్నులు తీసుకుందాం. అమ్మినవాళ్లు పుస్తకాలు, స్టేషనరీ కొట్లవాళ్లు. అలాంటి పాత కొట్లో వెనకగదిలో అమ్ముడుపోని సరుకు అట్టపెట్టెల్లోనే ఉండిపోతుంది. బాగుచేసింది చాలాచోట్ల వాచీలు బాగుచేసినవాళ్లే. వాడినవాళ్లు లాయర్లు, గుమాస్తాలు, డాక్టర్లు, మాస్టార్లు. ఒక లాయరుగారి ఆఫీసు ఖాళీ చేస్తుంటే చట్టాల పుస్తకాల కోసం పదిమంది వస్తారు, బల్ల సొరుగు కోసం ఎవరూ రారు.

బొత్తాలకైతే దర్జీల డబ్బాలు. కెమెరాలకు మూతబడ్డ స్టూడియోలే కాదు, బీమా కంపెనీల సర్వేయర్లు, పత్రికల్లో పనిచేసి రిటైరైనవాళ్లు, కాలేజీల జంతుశాస్త్ర విభాగాలు. సినిమా పోస్టర్లకు హాళ్లకన్నా ఫ్రేములు కట్టే కొట్లు మేలు, ఎందుకంటే పాత పోస్టర్లు ఫ్రేము వెనక దన్నుగా పెట్టడానికి వాడేవాళ్లు. బొమ్మ కార్లకు పిల్లల డాక్టర్ల వెయిటింగు గదులు. ఇలా మీ జాబితా మీరే తయారుచేసుకుంటే, ఆ జాబితా ఇంకొకరి దగ్గర ఉండదు.

చిత్తుకాగితాలు కొనేవాళ్లనూ తుక్కు వ్యాపారులనూ మాత్రం అందరూ రాసుకోవాలి. ఎవరింట్లో ఏది ఖాళీ అయినా చివరికి అక్కడికే చేరుతుంది, అక్కడ నిలవ ఉండేది కొద్దిరోజులే. రష్యా చక్రవర్తి కోసం 1887లో ఫాబెర్జే అనే నగల సంస్థ తయారుచేసిన ఒక బంగారు గుడ్డు అమెరికాలో ఒక తుక్కు బంగారం వ్యాపారి చేతికి వచ్చింది. కరిగిస్తే లాభం వస్తుందనే ఆయన కొన్నాడు. ఆశించినంత రాక కరిగించకుండా ఇంట్లో పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు, లోపలున్న గడియారం మీది పేరు, ‘గుడ్డు’ అన్న మాట కలిపి ఇంటర్నెట్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. 2014లో లోకానికంతా తెలిసింది. మనకు అలాంటిది దొరకదు. కానీ ఆయన చేసిన పనిని గుర్తుపెట్టుకోండి: వస్తువు మీద ఏ అక్షరం ఉన్నా చదివి వెతికాడు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పదిరెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, అయస్కాంతం, చిన్న టార్చి, ఊదారంగు (యూవీ, అంటే అతినీలలోహిత) టార్చి, గ్రాముల తూకం, మెత్తటి గుడ్డ, నాలుగైదు ప్లాస్టిక్ కవర్లు, రెండు గట్టి అట్టలు. అట్టలు కాగితాలు మడత పడకుండా తెచ్చుకోవడానికి.

ఊదారంగు టార్చి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది కొనరు. 365 నానోమీటర్లు అని రాసి ఉన్నది తీసుకోండి. చీకటి మూల గాజు సామాను మీద వేస్తే కొన్ని పాత గాజు గిన్నెలు ఆకుపచ్చగా వెలిగిపోతాయి. తయారీలో కొద్దిగా యురేనియం కలిపిన గాజు అది. సేకరించేవాళ్లు ప్రత్యేకంగా వెతుక్కుంటారు. అదే టార్చి కాగితం మీద ఇంకో పనిచేస్తుంది. కాగితాన్ని తెల్లగా చూపే మెరుపు రసాయనాల వాడకం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే పెరిగింది, ఆ కాగితం ఈ వెలుగులో నీలితెలుపుగా మెరుస్తుంది. 1920ల నాటిదని చెప్పిన పోస్టరు అలా మెరిసిందంటే అది తర్వాత అచ్చేసిన నకలే అనుకోవచ్చు. మెరవనంతమాత్రాన అసలుదని మాత్రం అర్థం కాదు.

భూతద్దం కూడా అంతే పని చేస్తుంది. బొమ్మ రంగులు చిన్నచిన్న చుక్కల పువ్వుల్లా కలిసి కనబడితే అది ఫొటో తీసి యంత్రం మీద అచ్చువేసింది. రాతిమీద గీసి అచ్చువేసిన పాత బొమ్మలో అంత క్రమం ఉండదు, గింజగింజగా, చేతిగీతలా ఉంటుంది.

మాట కలిపే తీరు

లోపలికి వెళ్లగానే ‘యాంటిక్‌లు ఉన్నాయా’ అని అడగకండి. లేవంటారు. వాళ్ల దృష్టిలో నిజంగానే లేవు. వస్తువును దాని పనిపేరుతో అడగండి. ఓ వాచీల కొట్లో నాకు జరిగింది చెప్తాను. పెద్దాయన ఒక్కడే కూర్చున్నాడు.

“ఏం కావాలి బాబూ?”

“పాత ఇంకుపెన్నులు బాగుచేసేవారా అండీ?”

“ఎప్పుడో. ఇప్పుడెవరిస్తారు?”

“అప్పటి పాళీలు, ముక్కలు ఏమైనా మిగిలాయా?”

ఆయన లేచి సిగరెట్టు డబ్బా ఒకటి తీశాడు. అందులో పాళీలు, క్లిప్పులు, పగిలిన మూతలు. ఎవరో బాగుచేయమని ఇచ్చి తిరిగిరాని పెన్నులు కూడా. ప్రతిదాని గురించీ ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, నేను గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నర నాకు ఆ డబ్బాకన్నా ఎక్కువ ఉపయోగపడింది. పాళీ మీద 585 అని ఉంటే పద్నాలుగు క్యారట్ల బంగారమని, లోపలి రబ్బరు గొట్టం గట్టిపడితే మార్చుకోవచ్చు గానీ పాళీ మొనకున్న గట్టి గింజ ఊడిపోతే మామూలుగా కుదరదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కాబట్టి తొందరపడకండి. మొదటిసారి ఏమీ కొనకపోయినా పర్వాలేదు. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, ఏం వెతుకుతున్నారో రెండు ముక్కల్లో చెప్పి, మళ్లీ వెళ్లండి. మూడోసారికి వాళ్లే తీసి పక్కన పెడతారు.

ఇక్కడే ఒక మాట. ఎదుటివారికి తెలియనిది మీకు తెలుసని బాగా అర్థమైనప్పుడు, ముఖ్యంగా ఇంట్లో మనిషి పోయాక సామాను అమ్ముకుంటున్న కుటుంబం అయినప్పుడు, ఆ సంగతి వాళ్లకు చెప్పండి. చెప్పి, న్యాయమైన ధర ఇవ్వండి. నేను అలాగే చేస్తాను, అలా చేసినందువల్ల ఏ వస్తువూ చేజారలేదు. ఒక ఇంట్లో చెప్పినందుకు ఇంకో మూడిళ్లవాళ్లు పిలిచారు.

వస్తువు లోపల ఇంకో వస్తువు

అనుకోని చోటంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. కొట్లూ గోదాములూ తర్వాత. ఒక వస్తువు కడుపులో ఇంకొకటి దాగి ఉంటుంది.

పాత కుట్టుమిషను బల్ల తీసుకోండి. సొరుగులు లాగి చూసి, ఖాళీ అని మూసేస్తారు అందరూ. మీరు సొరుగును పూర్తిగా బయటికి లాగేయండి. వెనక చెక్కకూ సొరుగుకూ మధ్య అంగుళం ఖాళీ ఉంటుంది. నిండా కుక్కిన సొరుగులోంచి పైనున్నవి ఏళ్లతరబడి అక్కడికి జారిపోతూ ఉంటాయి. టార్చి వేసి, కళ్లతో చూశాకే చెయ్యి పెట్టండి, సూదులుంటాయి. తర్వాత సొరుగును తిరగేసి అడుగు చూడండి, ఎవరైనా కవరు అంటించారేమో. ఆపైన సొరుగులో పరిచిన కాగితం. అది పాత వార్తాపత్రికే కావచ్చు, అంచు పట్టుకుని మెల్లగా ఎత్తి చూడండి. నాకు అలా ఒక బల్లలో కాగితం కింద పదకొండు ఇత్తడి బొత్తాలు, ఒక కూపను, సూదుల పొట్లం దొరికాయి. పొట్లం మీద తయారీ దేశం పేరు పశ్చిమ జర్మనీ. ఆ పేరు 1949కీ 1990కీ మధ్యే ఉంది కాబట్టి ఆ కాగితం ఎప్పుడు పరిచారో ఓ లెక్క దొరికింది.

పుస్తకాలు కూడా ఇలాగే. కొనేముందు పుస్తకాన్ని వెన్ను పైకి, అంచులు కిందికి వచ్చేలా పట్టుకుని మెల్లగా విదిలించండి. రైలు టికెట్లు, ఉత్తరాలు, ఎండిన పూలు, ఫొటోలు, పుస్తకాల కొట్టు గుర్తుచీటీలు రాలతాయి. లైబ్రరీలు తీసేసిన పుస్తకాలకు ముద్రలుంటాయి కాబట్టి సేకరణలో విలువ తగ్గుతుంది, కానీ వాటి లోపల దొరికే కాగితాలు వేరే లెక్క.

ఫ్రేముల వెనక తప్పకుండా చూడాలి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను 1776 జులైలో జాన్ డన్‌లప్ అనే ముద్రాపకుడు అచ్చువేశాడు. ఆ ప్రతుల్లో ఒకటి 1989లో బయటపడింది. ఎవరో ఫ్రేము నచ్చి ఓ పాత చిత్రపటం కొని, ఇంటికెళ్లి విప్పితే చిత్రం వెనక మడతపెట్టి ఉంది. మనకు చిత్రం వెనక దొరికేది మామూలుగా పాత క్యాలెండరో సబ్బు ప్రకటన అట్టో అవుతుంది. అవి కూడా సేకరించదగినవే. అందుకే చిల్లిగవ్వకు పనికిరాని బొమ్మ అనిపించినా ఫ్రేమును తిప్పి, మేకులు ఎప్పుడైనా కదిపారా, వెనకట్ట మీద ఏం రాసుంది అని చూస్తాను.

పెట్టెల లోపలి గుడ్డ కింద, గోడగడియారం అడుగున, వయొలిన్ పెట్టెలో కమానుకు రాసే రోజిన్ ముద్ద పెట్టుకునే అరలో, కెమెరా సంచి పక్కజేబులో, రికార్డుల కవర్లలో. రికార్డు కవర్లలో పాటల పుస్తకం, పోస్టరు ఉండిపోతాయి, కొన్నిసార్లు రికార్డుకన్నా అవే అరుదు. పాత కెమెరాలో ఫిలిం చుట్ట ఉన్నట్టనిపిస్తే మూత తెరవకండి. వెలుగు తగిలితే ఉన్నవి పోతాయి. అలాగే ఇచ్చి కడిగించండి.

పాత కుటుంబాల ఉత్తరాల కట్టలు కనబడితే స్టాంపులు మాత్రం చించుకోకండి. కవరు, దానిమీది ముద్రలు, స్టాంపు కలిసి ఉంటేనే అది ఎప్పుడు ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లిందో తెలుస్తుంది, విలువ కూడా అలాగే ఎక్కువ. 1856లో అచ్చయిన బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు లోకంలో ఒక్కటే ఉన్నట్టు తెలుసు. 1873లో అది ఓ పన్నెండేళ్ల పిల్లాడికి బంధువుల పాత కాగితాల్లోనే దొరికింది.

వయసు కట్టడం

చేతిలో వస్తువు, ఎదురుగా అమ్మే మనిషి, ఆలోచించడానికి రెండు నిమిషాలు. టెన్షన్ పడక్కర్లేదు, కొన్ని ఆనవాళ్లు బట్టీ పట్టేస్తే చాలు.

దేశాల పేర్లు అన్నిటికన్నా మంచివి. ‘ఆక్రమిత జపాన్‌లో తయారైంది’ అని ఇంగ్లిషులో ఉంటే అది యుద్ధం తర్వాత, 1952 లోపు. చెకోస్లొవేకియా అని ఉంటే 1918 తర్వాత, 1992 లోపు. సోవియట్ యూనియన్ 1991తో ముగిసింది. సిలోన్ 1972లో శ్రీలంక అయింది. ఒక దేశం పేరు ఉందంటే ఆ పేరు పుట్టకముందుది కాదు. అయితే పాత అచ్చులూ లేబుళ్లూ కొంతకాలం వాడుతూనే ఉంటారు కాబట్టి చివరి తేదీని ఓ ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అనుకోండి.

బార్‌కోడు ఉన్న వస్తువు 1974కు ముందుది కాదు, దుకాణంలో మొదటిసారి దాన్ని చదివించింది ఆ ఏడాదే. పుస్తకం మీద పదమూడంకెల ఐఎస్‌బీఎన్ ఒక్కటే ఉంటే 2007 నాటిదో ఆ తర్వాతదో. ప్లస్ గుర్తులా గాడి ఉన్న మరలు 1930లలో వాడుకలోకి వచ్చాయి. నూటయాభై ఏళ్ల గడియారమని చెప్పినదానికి అలాంటి మర బిగించి ఉంటే, మధ్యలో ఎవరో విప్పి బాగుచేసి ఉండాలి, లేదా ఆ చెప్పిన వయసు అబద్ధం. చిన్న బొమ్మ కార్ల అడుగున ఉన్న సంవత్సరాన్ని నమ్మి చాలామంది మోసపోతారు. అది ఆ నమూనాకు హక్కులు తీసుకున్న సంవత్సరం, ఈ కారు తయారైన సంవత్సరం కాదు.

లోహమైతే ముద్ర వెతకండి. 925 అంటే వెయ్యిలో 925 వంతులు వెండి. ఈపీఎన్ఎస్ అన్న నాలుగక్షరాలుంటే పైన వెండి పూత, లోపల వేరే లోహం. బంగారానికి 916 అంటే 22 క్యారట్లు, 750 అంటే 18. ముద్రలు దొంగవీ ఉంటాయి. అయస్కాంతానికి అంటుకున్న ‘వెండి’ని మాత్రం వెంటనే కింద పెట్టేయండి. అంటుకోనిదంతా వెండి కాదు, ఇత్తడీ రాగీ కూడా అంటుకోవు.

రికార్డులను నేనెలా చూస్తానో చెప్తాను. కవరు మీది పేరు ఒకటి, లోపల రికార్డు ఇంకొకటి ఉండటం మామూలే, కాబట్టి ముందు తీసి లేబుల్ చదువుతాను. అంచులు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, దీపం కింద వాలుగా వంచి మెల్లగా తిప్పుతాను. వెంట్రుకల్లాంటి సన్నగీతలు తిప్పేకొద్దీ కనబడి మాయమవుతుంటే పర్వాలేదు. ఎటు తిప్పినా కనబడుతూ, వేలిచివర మెల్లగా రాస్తే తగిలే గీత పాటలో ప్రతి చుట్టుకూ ఠక్‌మంటుంది. తర్వాత కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని వంకర ఉందేమో చూస్తాను. చివరగా పాటల గాడులు అయిపోయి లేబుల్ మొదలయ్యేలోపున ఉన్న నున్నటి పట్టీ. అక్కడ సన్నగా గీకిన అంకెలుంటాయి. మొదటిసారి అచ్చయిన రికార్డా, తర్వాతి అచ్చా అన్నది ఆ అంకెలతో పోల్చే తేలుస్తారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు ఎక్కువగా లక్కతో చేసినవి, పళ్లెంలా పగిలిపోతాయి. వాటిని ఒకదానిమీద ఒకటి బల్లపరుపుగా ఎత్తుగా పేర్చకుండా నిలబెట్టి తెచ్చుకోండి.

ఆన్‌లైన్లో, వేలంలో

ఆన్‌లైన్లో అనుకోని చోటంటే తప్పుగా రాసిన పేరు. మీ వస్తువు పేరును జనం ఎన్ని రకాలుగా తప్పు రాస్తారో అన్ని రకాలుగానూ వెతకండి. పేరు లేకుండా ‘తాతగారి బల్లమీది సామాను’, ‘పెట్టెడు పాత వస్తువులు’ అని పెట్టినవి తెరిచి, ఫొటోను పెద్దది చేసి వెనక ఏముందో చూడండి. అమ్మేది బీరువా, దాని మీద పెట్టిన రేడియో మీకు కావలసింది కావచ్చు. మర్యాదగా మెసేజ్ పెట్టి అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

వేలంలో గంపగుత్తగా అమ్మే పెట్టెలు చూడండి. వివియన్ మేయర్ అనే ఆమె షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేస్తూ జీవితమంతా వీధుల్లో ఫొటోలు తీసింది. సామాను దాచుకోవడానికి తీసుకుని, అద్దె కట్టలేకపోయిన గదిలోని ఆమె వస్తువులను 2007లో వేలం వేశారు. నెగెటివ్‌ల పెట్టెలు కొన్నవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. ఇప్పుడు ఆమె పేరు ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆమె 2009లో పోయింది, ఆ గుర్తింపేదీ చూసుకోలేదు. పేరులేని నెగెటివ్‌ల పెట్టె ఎక్కడ కనబడినా నాకు ఆమే గుర్తొస్తుంది, కనీసం దీపానికి అడ్డంపెట్టి రెండు వరసలైనా చూడకుండా రాలేను.

ఏవి వద్దు

ఎంత ముచ్చటగా ఉన్నా ఏనుగు దంతం వస్తువులు కొనకండి. చాలాచోట్ల కొనడం, అమ్మడం, దేశం దాటించడం నేరం. భూమిలోంచి తవ్వినట్టున్న విగ్రహాలు, నాణేలు, గుడి శిల్పాల ముక్కలు కూడా అంతే. ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పలేని వస్తువును వదిలేయడమే నయం. ఖాళీ ఇంట్లోకి, మూతబడ్డ ఫ్యాక్టరీలోకి అనుమతి లేకుండా వెళ్లకండి. ఎవరిదీ కానట్టు కనబడే ప్రతిదానికీ ఎవరో ఒకరు యజమాని ఉంటారు.

చీకట్లో మెరిసే అంకెలున్న పాత గడియారాలతో జాగ్రత్త. 1960ల ముందువాటిలో చాలావాటికి రేడియం పూత వాడారు. మెరుపు ఆగిపోయినా రేడియం ఆగదు, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. పెట్టెలో దాచుకుంటే ఫరవాలేదు గానీ అద్దం విప్పి గీకకండి. పాత సినిమా రీళ్లలో నైట్రేట్ ఫిలిం ఉంటే అది సులువుగా అంటుకుని ఆరనంత మంట మండుతుంది, ఇంట్లో పెట్టుకోకుండా ఫిలింలు భద్రపరిచే సంస్థను అడగండి. కర్పూరం వాసన వచ్చే పాత ప్లాస్టిక్ దువ్వెనలు, బొమ్మలు సెల్యులాయిడ్‌వి, వాటికీ నిప్పు పడదు. వేడి సూది గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి.

ఇంటికి తెచ్చాక

తోమకండి. ఈ ఒక్క మాట మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. మొదట్లో నాకొక కంచు పతకం దొరికింది. గోధుమ రంగులో, అంచుల్లో నల్లగా ఉంది. మెరుగుపొడి వేసి గంటసేపు తోమాను, కొత్త ఇత్తడిలా తళతళలాడింది. ఎంతో సంబరంగా పతకాలు తెలిసినాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టేశాడు. ఆ గోధుమ రంగు రావడానికి వందేళ్లు పట్టింది, నేను గంటలో తీసేశాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తాను. నాణేలు, పతకాలు, అద్దంలా మెరిసే తొలినాటి ఫొటోలు, వీటిని మెత్తటి గుడ్డతో తుడవడం కూడా వద్దు. అంచులు పట్టుకోవాలి, అంతే.

తెచ్చినదాన్ని నేరుగా సేకరణలో కలపకండి. కాగితం, చెక్క, గుడ్డ అయితే కవర్లో కట్టి విడిగా కొన్ని వారాలు ఉంచండి. పురుగు ఉంటే పొడి రాలుతుంది, తెలిసిపోతుంది. బూజు వాసన వస్తే గాలి ఆడే నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు. పాత ఫిలిం నుంచి వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తే అది పాడవుతున్నట్టే, మిగతావాటికి దూరంగా పెట్టి త్వరగా స్కాన్ చేయించండి. నాణేలను మెత్తగా వంగే పీవీసీ కవర్లలో ఉంచితే కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. అల్బమ్‌లో ఫొటోలకు గమ్ము, టేపు వాడొద్దు, మూలలు పట్టే కాగితపు జేబులు చాలు.

చివరి పని అదేరోజు రాత్రి చేయండి. ఓ చీటీ మీద పెన్సిలుతో తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, వాళ్లు దాని గురించి ఏం చెప్పారు అన్నది రాసి వస్తువుతో పాటు కవర్లో పెట్టండి. ‘ఈ పెన్ను మా నాన్న మొదటి జీతంతో కొన్నాడు’ అని వాళ్లన్న మాటను అలాగే రాయండి. వారం ఆగితే సగం మరిచిపోతాం. నా వాచీల పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన డబ్బాలోని ప్రతి పాళీతోనూ ఒక చీటీ ఉంది, దానిమీద ఆయన చెప్పిన మాటలున్నాయి. కిందటి నెల ఆయన కొడుకు ఫోన్ చేశాడు, బల్ల కింద ఇంకో సొరుగు కనబడిందట, తాళంచెవి దొరకలేదట. ఆదివారం వెళ్తున్నాను.